నీళ్లొచ్చేలోగా

"సారూ, నా చేలో మీరేం పారేసుకున్నారు?"

మేకు దిగ్గొడుతున్న కుర్ర ఉద్యోగి తలెత్తాడు. గట్టు మీద రైతు నిలబడి ఉన్నాడు. నెత్తిన తలగుడ్డ, చేతిలో ముల్లుగర్ర. జొన్న కోసిన కొయ్యకాళ్ల మధ్య అప్పటికే పురికొసతో నలుచదరపు గళ్లు పడ్డాయి. గడి గడికీ ఒక చెక్క మేకు, మేకు మీద ఒక అక్షరం, ఒక అంకె.

"ఏం పారేసుకోలేదు పెద్దాయనా. కింద ఏముందో చూడాలి."

"చూసి?"

"కొలుస్తాం, బొమ్మ గీస్తాం, రాసుకుంటాం."

"రాసుకున్నాక నా చేను నాకిస్తారా?"

కుర్రవాడు మాట్లాడలేదు. ఆ చేను ఇక ఎవరికీ దక్కదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఈ మాటలు ఏ దస్త్రంలోనూ లేవు. ఈ రైతూ, ఈ కుర్ర ఉద్యోగీ నా కల్పన. ముందు ముందు వీళ్లు మళ్లీ కనిపిస్తే అదీ కల్పనే. చేను మాత్రం కల్పన కాదు. తేదీలు, తవ్వించినవాళ్ల పేర్లు, తవ్వితే బయటపడినవి కూడా కల్పన కావు.

అది 1954. గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా. మాచర్ల దాకా రైలుంది, అక్కణ్ణించి కొండదారి. దారి దిగితే మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. నడుమ సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. అందులో మెట్ట చేలు, పశువుల బీళ్లు, పుల్లారెడ్డిగూడెం లాంటి చిన్న ఊళ్లు, చెంచుల, లంబాడీల గుడిసెలు. లోయ మధ్యలో ఒంటికొండ, దాని నెత్తిన పాత కోట గోడలు. అదే నాగార్జునకొండ.

అక్కణ్ణించి కొంత దిగువన, నందికొండ దగ్గర, కృష్ణకు అడ్డకట్ట వేయొచ్చని ఖోస్లా కమిటీ 1952లో తేల్చింది. 1954 నాటికి నదికి కుడి గట్టు కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రానిది, ఎడమ గట్టు హైదరాబాద్ రాష్ట్రానిది. రెండు ప్రభుత్వాలూ కలిసి కట్టాల్సిన ఆనకట్ట అది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఆ ప్రాజెక్టు కోసం తిరగని గడప లేదు. పల్నాటి కరువు చూసినవాళ్లెవరూ ఆ తిరుగుడును తప్పుపట్టలేరు. ఆనకట్ట లేస్తే లోయ మునుగుతుంది. చివరికి ఖరారైన పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ గీతకు కింద ఉన్నదేదైనా, గుడైనా గుడిసైనా, నీళ్లపాలే.

ఒక పెద్ద కట్టడం తలపెట్టినప్పుడు, దాని కింద పడే నేలలో పాతకాలపు ఆనవాళ్లు ఏమున్నాయి, వాటికి ఎంత చేటు, ఏం చేస్తే ఎంత మిగులుతుంది అని ముందే లెక్కగట్టడాన్ని ఇవాళ పురావస్తు ప్రభావ అంచనా అంటున్నాం. 1954లో మన దేశంలో ఆ మాట వాడుకలో లేదు. పని మాత్రం జరిగింది. అయితే ఆ పనిని ఒక షరతు మీద అప్పగించారు: కట్టాలా వద్దా అన్నది మీరు చెప్పనక్కర్లేదు, అది అయిపోయింది. నీళ్లొచ్చేలోగా ఏం చేయగలరో చూసుకోండి.

ఆ షరతు ఎంత కఠినమో, అంత విచిత్రమైన ఫలితాన్నిచ్చింది. దాని సంగతి చెప్పాలంటే ముందు 28 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

*

1926లో ఎస్. వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు లోయలో నిలబడి ఉన్న పాత స్తంభం సంగతి పైకి తెలియజేశాడు. మద్రాసు శాసన శాఖ కార్యాలయంలో తెలుగు సహాయకుడు ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. చుట్టూ దిబ్బలు, దిబ్బల మీద పొదలు, పొదల్లో ఒరిగిన పలనాటి సున్నపురాయి స్తంభాలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు. ఊరివాళ్లు వాటి మధ్యే దున్నుకుంటున్నారు, గొర్రెలు మేపుకుంటున్నారు.

మరుసటి ఏడాది నుంచి ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకం మొదలుపెట్టాడు. 1931 దాకా సాగిన ఆ పని ఒక రాజధానిని బయటపెట్టింది. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకుల విజయపురి. శాసనాల్లో ఆ చోటికి శ్రీపర్వతమన్న పేరూ ఉంది. సుమారు 106 అడుగుల వ్యాసమున్న మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, బండిచక్రంలా, నడుమ కుంభం, చుట్టూ ఆకులు, అంచున కమ్మితో కట్టి ఉంది. ఆ ఇటుక గోడల మధ్య అరల్లో మట్టి నింపారు. అవశేషం నట్టనడుమ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ లేదు, పక్కనున్న ఒక అరలో దొరికింది. పగిలిన మట్టికుండలో స్తూపం ఆకారపు చిన్న వెండి భరిణె, అందులో అంతకంటే చిన్న బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. తోడుగా బంగారు పూలు, ముత్యాలు, స్ఫటికపు పూసలు. ఆ ధాతువును తర్వాత మహాబోధి సొసైటీకి అప్పగిస్తే సారనాథ్ చేరింది.

శాసనాలను జె.పి.హెచ్. వోగెల్ చదివి ప్రచురించాడు. మహాచైత్యాన్ని నిలబెట్టిన దాత రాజు మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక రాయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, దమిళ, తంబపణ్ణి అంటూ దేశాల వరసే ఉంది. పల్నాటి మూలనున్న లోయకు ఇంత దూరపు బంధుత్వాలా అని పండితులు నోళ్లు తెరిచారు.

1938లో టి.ఎన్. రామచంద్రన్ వచ్చి మరికొంత తవ్వాడు. అక్కడితో లోయ బొమ్మ పూర్తయిందన్నట్టే ఉంది: బౌద్ధం, స్తూపాలు, విహారాలు, అందమైన శిల్పాలు. మ్యూజియంలో పెట్టాల్సినవి పెట్టేశారు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. వాళ్లు తవ్వింది ప్రధానంగా దిబ్బల్ని. దిబ్బ కంటికి కనిపిస్తుంది, కింద ఏదో ఉందని తనే చెబుతుంది. దున్నిన చేను అలా చెప్పదు. నాగలి ప్రతి ఏడాదీ పైమట్టిని కలియబెట్టి చదును చేస్తుంది. గోడ మొదలు జానెడు లోతున ఉన్నా పైన జొన్న చేను జొన్న చేనులాగే ఉంటుంది. ఆనకట్ట ప్రస్తావనే రాకపోతే ఆ చేలను తవ్వాల్సిన పని ఎవరికి పడుతుంది?

*

1954లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నాగార్జునకొండ తవ్వకాల కోసమే ఒక ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. అప్పటి డైరెక్టర్ జనరల్ అమలానంద ఘోష్. లోయలో పని నడిపించే భారం ఆర్. సుబ్రహ్మణ్యంపై పడింది. 1955 డిసెంబర్ 10న ప్రధాని నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అప్పటికే లోయలో గునపాల చప్పుడు మొదలై ఏడాది గడిచింది. అటు రాయి మీద రాయి పేర్చే పని. ఇటు మట్టి పొర మీద మట్టి పొర తీసే పని. రెండూ ఒకే నదిని చూసుకుంటూ ఏళ్ల తరబడి నడిచాయి.

తవ్వకం చూడనివాళ్లకు అదంతా నిధి వేట అనిపిస్తుంది. ఒక ఉదయం ఆ చేలోకి పోదాం.

సూర్యుడు కొండ మీదికి వచ్చీరాకముందే ఫొటో తీయాలి. ఎండ ఏటవాలుగా పడినప్పుడే ఇటుకకూ మట్టికీ ఉన్న తేడా నీడలో తేలుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే అంతా ఒకే తెలుపు. అందుకే కూలీలు చీకటితోనే వచ్చి గుంత అడుగు ఊడ్చి, అంచులు చెక్కి, ఎర్రమట్టి రాలకుండా సర్దుతారు. ఆ తర్వాతే గునపం, పార, తట్ట. కొంత లోతు దిగాక గునపం పక్కన పెట్టి తాపీ పట్టుకుంటారు. తాపీ తర్వాత కుంచె.

గుంతకూ గుంతకూ మధ్య తవ్వకుండా ఒక గట్టు వదిలేస్తారు. కూలీలు తట్టలెత్తుకుని నడవడానికి అది పనికొస్తుంది. అసలు ప్రయోజనం వేరే ఉంది. ఆ గట్టు నిలువు ముఖంలో మట్టి పొరలు వరసగా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన నాగలి తిరిగిన మట్టి. దాని కింద రాలిపడిన ఇటుక ముక్కలు. ఇంకా కింద బూడిద, పెంకులు. ఆ కింద గట్టి నేల, ఎవరో నడిచిన నేల. తవ్వినదాన్ని మళ్లీ తవ్వలేం కాబట్టి ఆ నిలువు ముఖాన్ని గీసి పెట్టుకోవడమే సాక్ష్యం. పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ 1944లో తక్షశిలలో పెట్టిన శిక్షణ బడి నేర్పిన క్రమశిక్షణ ఇదే. 1950ల నాటికి దేశంలో తవ్వకాల పద్ధతి అంతా ఆ ముద్రతోనే ఉంది.

"ఈ పెంకుల్ని కూడా కడిగి దాస్తారా?" రైతు ఇప్పుడు రోజుకూలికి అక్కడే పనిచేస్తున్నాడు.

"ముందు దాయాల్సింది వాటినే. బంగారం ఎవరైనా కరిగించి మళ్లీ పోస్తారు. పగిలిన చట్టి ఎప్పుడు పగిలిందో అప్పటిదే."

"మా ఇంటిదాని పొయ్యి దగ్గర రోజుకొకటి పగుల్తుంది. అదీ దాస్తారా?"

గుంతలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

దిబ్బల్ని వదిలి చేలలోకి, బీళ్లలోకి, వాగు ఒడ్డుకు, కొండ వాలుకు మేకులు పాతుకుంటూ పోయేసరికి లోయ స్వరూపమే మారిపోయింది. నూరుకు పైగా చోట్ల కట్టడాల ఆనవాళ్లు తేలాయి. బౌద్ధుల ఊరనుకున్నదానిలో శివుడి గుడి, కార్తికేయుడి గుడి, నదీతీరాన పుష్పభద్రస్వామి ఆలయం, అష్టభుజస్వామి ఆలయం బయటపడ్డాయి. ఆభీర రాజు వసుసేనుడి కాలపు శాసనం అష్టభుజస్వామి గుడి దగ్గరే దొరికింది. ఏలిశ్రీ అనే సేనాపతి సర్వదేవుడికి గుడి కట్టించినట్టు ఇంకో శాసనం చెప్పింది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడని శాసనాల్లో ముందే చదివారు. ఇప్పుడు లోయలోని ఇక్ష్వాకుల కోట సమీపంలో మెట్లు దిగే స్నానకుండం, తాబేలు ఆకారంలో ఇటుకల యాగవేదిక కనిపించేసరికి ఆ మాటకు చోటు దొరికింది. కృష్ణ ఒడ్డున రాతి మెట్ల ఘట్టం తేలింది. శతాబ్దాలుగా ఎవరి పాదమూ తగలని మెట్లు.

అన్నిటికన్నా అబ్బురం కొండ పాదాన బయటపడిన రంగస్థలం. నలుచదరపు గోదా, దాని చుట్టూ నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే వరసలు, వాన నీరు నిలవకుండా పోయేందుకు కింద కాలువ. అక్కడ మల్లయుద్ధాలు జరిగాయా, నాటకాలు ఆడారా అన్నదాన్ని పండితులకే వదిలేద్దాం. ఇలాంటి కట్టడం మన ప్రాచీన భారతంలో చాలా అరుదు. 1954కు ముందు ఇది ఉందని ఎవరికీ తెలియదు.

ఇంకా కిందికి పోతే ఇక్ష్వాకులే నిన్నమొన్నటివాళ్లు. రాతి గొడ్డళ్లు నూరినవాళ్ల సమాధులు, చుట్టూ రాళ్లు పేర్చిన బృహత్‌శిలా యుగపు గోరీలు, అంతకు పూర్వం చెకుముకి రాళ్లు చెక్కినవాళ్ల పనిముట్లు. అదే లోయలో, అదే నీటి ఒడ్డున, వేల ఏళ్ల పాటు మనుషులు ఒకరి తర్వాత ఒకరు మకాం పెట్టారు.

ఆనకట్ట లోయను మింగబోతోంది కాబట్టే లోయ మొత్తాన్ని చూశారు. చూశారు కాబట్టే, అందమైన బౌద్ధ శిల్పాల చోటు అనుకున్నది ఒక సంపూర్ణ నగరమని తెలిసింది. ఆనకట్ట రాకపోతే ఆ రంగస్థలం మీద ఈ ఏడాదీ ఎవరో కంది వేసేవారు. ఈ మాట రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే దీన్ని ఎవరైనా ఆనకట్టకు మెప్పుగా వాడుకోవచ్చు. నేను చెబుతున్నది ఆనకట్ట గురించి కాదు, దిబ్బల్నే చూసే మన అలవాటు గురించి.

*

ఇక పొయ్యి దగ్గర పగిలిన చట్టి సంగతి.

ఆ తవ్వకంలో మూడో శతాబ్దపు వంటింటి పెంకుకు నంబరుంది. 1955 నాటి వంటింటికి లేదు. పుల్లారెడ్డిగూడెంలో ఎవరి ఇల్లు ఎక్కడుంది, ఏ అరుగు ఎంత ఎత్తు, ఏ పండక్కి ఎవరు ఏ బండకు పసుపు పూస్తారు, పాత విహారపు ఇటుక ఎవరి దడి కింద ఉంది, చెంచులు ఏ దారిన అడవికి పోతారు అన్నవి కూడా ఆ నేల మీది పొరలే, అన్నిటికన్నా పై పొర. పురావస్తు శాఖ ఆ పొరను దాటుకుని కిందికి దిగింది. పరిహారం లెక్కగట్టే రెవెన్యూ శాఖకు కావలసింది విస్తీర్ణం, శిస్తు, చెట్ల సంఖ్య. రెండు శాఖలూ తమ తమ పని చేశాయి. మధ్యలో ఉన్నది ఎవరి రిజిస్టరుకూ ఎక్కలేదు.

దీన్ని అప్పటివాళ్ల తప్పుగా చూడటం అన్యాయం. ఆ రోజుల్లో లోకంలో ఎక్కడా ఆ ధ్యాస పెద్దగా లేదు. ఇవాళ మాత్రం మంచి అంచనా అంటే బతికున్న ఊరిని కూడా నమోదు చేయాలంటారు.

"మా పోలేరమ్మ రాయిని కూడా పైకి తీసుకుపోతారా?" అని రైతు అడిగి ఉంటే, కుర్ర ఉద్యోగి ఏ కాలపుదని అడిగి ఉండేవాడు. మా తాతల కాలం నుంచి ఉందని వస్తుంది జవాబు. తాతల కాలానికి తన పట్టికలో గడి లేదని ఆ కుర్రవాడికి అప్పుడే తట్టి ఉండాలి.

*

తవ్వినవన్నీ కాపాడటం కుదరదు. ఈ ఎంపిక ఘట్టం అంచనా పనిలోకెల్లా కష్టం. ఏది తీసుకుపోవాలి, ఏది వదిలేయాలి?

పునాదులు పెకలించి మరోచోట నిలబెట్టడం మన దేశంలో అంత పెద్ద ఎత్తున అప్పటికి జరగలేదు. తొమ్మిది కట్టడాలను విడదీసి తీసుకుపోయి యథాతథంగా మళ్లీ కట్టాలని, మరో పద్నాలుగింటికి నమూనాలు తయారు చేయాలని నిర్ణయించారు. కొన్ని నాగార్జునకొండ మీదికి, కొన్ని తూర్పు గట్టున అనుపుకు వెళ్లాయి. రంగస్థలం అనుపులో తేలింది. స్నానఘట్టం, సింహళ విహారం, ఒక బృహత్‌శిలా సమాధి కొండెక్కాయి. ఆ కొండే ఇవాళ చుట్టూ నీళ్లున్న దీవి. మ్యూజియం కూడా కోట ప్రాకారం నడుమే ఉంది.

రాతి పని ఒక విధంగా సులువు. ప్రతి పలకకూ నంబరు వేస్తారు, బొమ్మ గీస్తారు, ఊడదీసి బండి ఎక్కిస్తారు, పైన అదే వరసలో పేరుస్తారు. ఇటుక అలా కాదు. పదహారు వందల ఏళ్ల పైబడి మట్టిలో నానిన ఇటుక చేత్తో పట్టుకుంటేనే విరుగుతుంది. పైగా ఒక స్తూపపు అర్థం దాని ఇటుకల్లో లేదు. అది ఎక్కడుంది, ఏ విహారానికి ఎదురుగా ఉంది, నదికి ఎంత దూరాన, రాజు కోటకు ఏ దిక్కున ఉందన్నదానిలో ఉంది. ఆ దూరాలను కొండెక్కించడం ఎవరి తరమూ కాదు. దీవి మీద ఇవాళ పక్కపక్కనే కనిపించే కట్టడాలు అప్పట్లో లోయలో వేర్వేరు మూలల్లో ఉండేవి. లాంచీ దిగి చూసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెబుతున్నారో నాకు అనుమానమే.

మిగతా చోట్లను కొలిచి, గీసి, ఫొటో తీసి వదిలేశారు. వదిలేశారంటే నాశనమైనట్టేనా? నీటి అడుగున ఒండ్రు కప్పుకున్న ఇటుక పునాది, గడ్డపారకు చిక్కిన పునాది కన్నా ఎక్కువ కాలం మిగలొచ్చు. కానీ జలాశయం మట్టం ఏటా ఎగుడుదిగుడు అవుతుంటే, అంచుల్లో ఒకసారి తడిసి ఒకసారి ఎండేవాటి గతి వేరు.

నదికి అవతల, నల్లగొండ జిల్లా వైపు ఏలేశ్వరం కూడా మునిగేదే. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ 1957 నుంచి తవ్వకాలు జరిపి 1963లో ఆ వివరాలను పుస్తకంగా తెచ్చాడు. నాగార్జునకొండకు దక్కిన పేరు ఏలేశ్వరానికి దక్కలేదు. ఒకే జలాశయం రెండు గట్లలో ఒకటి పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, ఇంకొకటి నీళ్లలోకి, గ్రంథాలయాల మూలల్లోకి పోయింది.

నాగార్జునకొండ పని మొదలైన ఆరేళ్లకు, 1960లో, నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట వల్ల మునిగిపోకుండా, లోకమంతా చందాలు పోగుచేసి అబూ సింబెల్ ఆలయాలను ఎత్తించే ఉద్యమాన్ని యునెస్కో మొదలుపెట్టింది. దాని మీద సినిమాలే వచ్చాయి. మన దేశం నుంచి బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందం నుబియా వెళ్లి తవ్వి వచ్చింది కూడా. కృష్ణ లోయ పని వాళ్లకు ముందే జరిగింది. చందాలూ లేవు, సినిమాలూ లేవు. ఆ అనుభవమే మరో ఇరవై ఏళ్లకు శ్రీశైలం జలాశయం కింద పోయే గుడుల దగ్గర అక్కరకొచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం రాయి రాయిగా ఆలంపురం చేరింది ఆ పద్ధతిలోనే.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడివైపు జవహర్ కాలువ, ఎడమవైపు లాల్ బహదూర్ కాలువ. ఈ పేజీ చదువుతున్నవారిలో ఆ నీళ్ల అన్నం తినని ఇల్లు తక్కువ.

*

తవ్వకం 1960లో ఆగింది. తవ్విన సంగతులన్నీ కూర్చిన గ్రంథం మొదటి భాగం 1975లో వచ్చింది, పురావస్తు శాఖ మెమొయిర్ల వరసలో 75వది. రెండో భాగం వెలువడింది 2006లో, కె.వి. సౌందరరాజన్ సంపాదకత్వంలో. తవ్వకం ముగిసిన 46 ఏళ్లకు!

ఇక్కడ నాకు కోపం వస్తుంది. మునిగిన చోటికి మళ్లీ వెళ్లి సరిచూసుకునే వీలు లేదు. గీసుకున్న బొమ్మ, రాసుకున్న నోటు, పెంకు మీది సిరా నంబరు, ఇవే ఇక ఆ చోటు. పుస్తకం అచ్చు కానంత కాలం ఆ చోటు రెండుసార్లు మునిగినట్టు. మొదటిసారి మునిగింది నీటిలో, దానికి కారణం పైరు. రెండోసారి మునిగింది బీరువాల్లో, దానికి ఏ కారణమూ లేదు. అంచనా పనికి డబ్బు కేటాయించేటప్పుడు తవ్వకంతో పాటు రాతకూ అచ్చుకూ కూడా కేటాయించాలని బ్రిటన్ లాంటి దేశాలు ఆలస్యంగానే అయినా నేర్చుకున్నాయి. అక్కడ 1990 నుంచి, భూమిని మార్చేవాడే ముందస్తు పరిశీలన ఖర్చు పెట్టుకోవాలన్నది ప్రణాళికా విధానం. దున్నిన చేలలో నడిచి పెంకులేరడం, నేలలోపలి మార్పుల్ని యంత్రాలతో కొలవడం, నాలుగైదు కాలువల్లాంటి గుంతలు తీసి చూడటం, ఆ తర్వాతే అనుమతి.

మన దగ్గర అంచనా అసలే లేకుండా జరిగిన అభివృద్ధికీ ఉదాహరణ కావాలంటే కృష్ణ వెంట ఇంకా దిగువకు పోవాలి. అమరావతిలో 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు మహాస్తూపపు దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. ఆ దశాబ్దం చివర్లో సర్వేయర్ కాలిన్ మెకంజీ చూసేసరికే కొంత పోయింది. 1816లో అతను మళ్లీ వచ్చి మిగిలినవాటి బొమ్మలు గీయించాడు. ఆ శిల్పాల్లో కొన్ని ఇప్పుడు చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఆ చెల్లాచెదురుతో పోల్చి చూస్తే సుబ్రహ్మణ్యం బృందం పని విలువ తెలుస్తుంది.

మరి ఇవాళ? 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ. ఆ గీతల లోపల పెద్ద ప్రాజెక్టు వస్తే దాని ప్రభావాన్ని పరిశీలించే పని జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థది. గీత దాటితే? పర్యావరణ అనుమతికి 2006 నోటిఫికేషన్ ప్రకారం నింపే దరఖాస్తులో ఒక వరస ఉంది. చట్టాల కింద రక్షణ ఉన్న సాంస్కృతిక ప్రదేశాలు దగ్గర్లో ఉన్నాయా అని అది అడుగుతుంది. రక్షణ లేని చేను సంగతి అడగదు. చేలో దొరికిన వస్తువు విషయానికొస్తే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం దిక్కు. నేలలో దాగినది 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలంటుంది అది. ఆ 10 రూపాయలు అప్పటివి. పైగా రైతుకు భయం: చెబితే చేను పోతుందని. నాగలికి ఇటుక తగిలితే దాన్ని పక్కకు తోసి సాలు దున్నుకుపోవడమే క్షేమమని అతను అనుకుంటే ఎవరు తప్పు పడతారు?

బైపాస్ రోడ్డుకో, సౌర పలకలకో, పారిశ్రామిక వాడకో సేకరించే ప్రతి పొలం కింద విజయపురి ఉండదు. చాలావాటి కింద ఏమీ ఉండదు. ఏమీ లేదని తేల్చడానికి పంట కోసిన తర్వాత, తొలకరి చినుకు పడి మట్టి కడిగిన వారంలో, నలుగురు చదువుకున్నవాళ్లు సాలు వెంట నడిస్తే సగం తేలిపోతుంది. పెంకులు వాననీటికి మెరుస్తాయి. దానికి ఆనకట్టంత బడ్జెట్టు అక్కర్లేదు, ఆరేళ్లూ అక్కర్లేదు. సర్వే నంబర్ల జాబితా సేకరణ అధికారి చేతికి వెళ్లకముందే ఆ నడక జరగాలి. నోటీసు అతికించిన తర్వాత నడిచేవాళ్లను ఊరు నమ్మదు.

నాగార్జునకొండలో రంగస్థలం ఉన్న చోటు 1954కు ముందు ఏ రక్షిత జాబితాలోనూ రంగస్థలంగా లేదు. నేటి దరఖాస్తును ఆ ఏడాది ఎవరైనా నింపి ఉంటే, ఆ వరసలో మహాచైత్యం పేరు ఉండేది. రంగస్థలం ఎదుట మాత్రం గీత గీసి వదిలేసేవారు.